తీర్థం పట్టలేని చెయ్యి

మంచుకొండ మీద పడ్డ రోజు నుంచీ జితేందర్ కుడిచెయ్యి పొట్టకి ఆనుకునే ఉంది. చంటిపిల్లని ఎత్తుకున్నవాడిలా దాన్ని దగ్గరికి పొదువుకుని నడుస్తున్నాడు. నెల దాటింది. రెడ్‌మండ్‌లో చెర్రీ చెట్లు పూతకి వచ్చాయి. ఆ చెయ్యి మాత్రం పెట్టిన చోటు నుంచి కదల్లేదు.

ఆ రోజు పైన ఏం జరిగిందో గిరిజ కంటితో చూడలేదు. కూతురు అవనిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కింద లాడ్జి కిటికీ దగ్గరే ఉంది. వాలు మీద ఉన్నది ఇద్దరే. భర్త జితేందర్, తమ్ముడు చైతన్య. స్కీయింగ్‌కి రమ్మని బావ ప్రాణం తీసి మరీ లాక్కొచ్చింది చైతన్యే. కాసేపటికి ఎర్రకోట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు జితేందర్‌ని పడవలాంటి బండిలో పడుకోబెట్టి కిందికి జార్చుకుంటూ తెచ్చారు. వెనకే చైతన్య వచ్చాడు. వాడి మొహంలో రక్తం లేదు. తను ముట్టుకోలేదనీ, బావ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడనీ చెప్పాడు. ఆ తర్వాత ప్రథమ చికిత్స చేసే గదిలో బావ దగ్గర కాసేపు కూర్చుని బయటికి వచ్చి మాట మార్చాడు. సరదాకి వెనక నుంచి తోశానన్నాడు.

తోసినందుకు గిరిజ క్షమించేదేమో. ముందు అబద్ధం ఆడి, తర్వాత ఒప్పుకున్నాడే, అది మింగుడుపడలేదు. గుమ్మం తొక్కొద్దని చెప్పేసింది.

చెప్పినంత తేలిక కాలేదు. చైతన్య ఆమెకన్నా బాగా చిన్నవాడు. వాళ్ళమ్మ చంకలో కన్నా గిరిజ చంకలోనే ఎక్కువ పెరిగాడు. ఎమ్మెస్‌కని ఇక్కడికి వచ్చాక ప్రతి ఆదివారం బట్టల మూటతో దిగేవాడు. మెషీన్‌లో బట్టలు పడేసి, పప్పన్నం తిని, బావతో పేకాటకి కూర్చునేవాడు. బెల్టు పెట్టుకున్నావు గానీ బావా, అదెక్కడుందో నీ పొట్టకి తెలియదు అనేవాడు. నీ పెండ్లి కానీరా, నీ సంగతి మీ మామతోని చెప్పిస్త అనేవాడు జితేందర్. వంటింట్లో గిరిజ నవ్వుకునేది. ఇప్పుడు ఆదివారాలు చప్పగా పోతున్నాయి. వాడి చొక్కాలు నాలుగు ఇస్త్రీ మడత నలక్కుండా ఇంకా ఇక్కడే ఉన్నాయి.

చైతన్యకి క్యారీలో ఉద్యోగం వచ్చింది. దేశానికి ఆ చివర. రేపే ప్రయాణం. "ఒక్కసారి వచ్చి కనపడి పోనా అక్కా" అని మెసేజ్ పెట్టాడు. గిరిజ చదివి ఫోను బోర్లా పెట్టింది. రేపు వాడు విమానం ఎక్కేస్తే ఈ మాటల్లేనితనం ఇలాగే బిగుసుకుపోతుందని ఆమెకి తెలుసు. ఇక ఎవరో ఒకరి చావుకో పెళ్ళికో ఎదురుపడటమే. తెలిసీ జవాబు రాయలేదు.

అట్లాంటి మంగళవారం పొద్దున అవనిని బడిలో దింపి, జితేందర్‌ని తీసుకుని సరస్సు అవతల సియాటిల్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చింది. తీసుకుని రావడమంటే పక్కన కూర్చుని రావడమే. కారు నడిపింది ఆయనే, ఎడమచేత్తో.

ఇంత ఆలస్యం ఎందుకయిందంటే, పడ్డనాడే కొండ దిగువన ఉన్న చిన్న ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదన్నారు. ఒక జోలె కట్టి పంపించారు. నొప్పి తగ్గకపోయేసరికి ఆ ఫోటో హనుమకొండలో ఉన్న చక్రపాణి బాబాయికి వాట్సాప్‌లో వెళ్ళింది. ఇక్కడి తెలుగువాళ్ళ ప్రతి ఇంటికీ ఇండియాలో ఒక డాక్టరు ఉంటాడు. ఆయన దేనికి డాక్టరో ఎవరూ పట్టించుకోరు. చక్రపాణి చర్మవ్యాధుల డాక్టరు. వీడియోలో చెయ్యి ఎత్తమని, ఎత్తలేకపోతే ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం బిగుసుకుపోవడమని తేల్చేశాడు. నువ్వులనూనె కాచి మర్దనా చెయ్యమన్నాడు. గోడ మీద వేళ్ళతో పైకి పాకించమన్నాడు. గిరిజ రోజూ చేసింది. నూనె పట్టిస్తుంటే భుజం ముందువైపు చెయ్యి లోపలికి దిగేది. వెనకవైపు ఏదో గట్టిగా తగిలేది. వాపు గడ్డకట్టిందనుకుని అక్కడే బొటనవేలితో ఒత్తేది. జితేందర్ పళ్ళు బిగించి దిండులో మొహం దాచుకునేవాడు. మగవాళ్ళకి నొప్పి ఓర్చుకునే శక్తి తక్కువని విసుక్కునేది.

ఆమెకి అనుమానం వచ్చింది మొన్న శనివారం గుడిలో. పూజారి ఉద్ధరిణితో తీర్థం ఇస్తూ వస్తున్నాడు. జితేందర్ ఎడమచెయ్యి చాపాడు. పూజారి ఉద్ధరిణి ఆపి, కుడిచెయ్యి అన్నాడు మెల్లగా. జితేందర్ ప్రయత్నించాడు. మోచెయ్యి కాస్త లేచింది. అరచెయ్యి ఆకాశం వైపు తిరగలేదు. గోడకి ఆనించినట్టు పక్కకే ఉండిపోయింది. తీర్థం పోస్తే నేలపాలవుతుంది. వెనక వరుసలో జనం ఆగారు. గిరిజ తన దోసిట్లో పట్టి ఆయన నోటికి అందించింది. భుజం నొప్పి అయితే చెయ్యి లేవకూడదు, మరి అరచెయ్యి తిరగకపోవడం ఏమిటని ఇంటికొచ్చే దాకా ఆలోచించింది. ఆ సాయంత్రమే అపాయింట్‌మెంట్ బుక్ చేసింది.

డాక్టరు పేరు ప్రణవి. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే, అరోరాలో. తెలుగు మాట్లాడుతుంది గానీ చివరలు ఊడిపోతుంటాయి. గదిలోకి రాగానే చెయ్యి ముట్టుకోలేదు. చొక్కా విప్పించమంది. గిరిజ గుండీలు తీసింది. డాక్టరు జితేందర్ వెనక నిలబడి చూసింది, తర్వాత ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పై నుంచి కిందికి చూసింది. ఎడమ భుజం గుండ్రంగా ఉంది. కుడి భుజం ముందువైపు సొట్టపడ్డ బిందెలా పలకబారింది. వెనక ఉబ్బు ఉంది. రోజూ రాత్రి తన వేళ్ళకి తగిలిందే అదని గిరిజ గుర్తుపట్టింది. గుర్తుపట్టి చేతులు ఒళ్ళోకి తీసుకుంది.

మోచేతులు నడుముకి ఆనించి రెండు చేతులూ తలుపు రెక్కల్లా బయటికి తెరవమంది డాక్టరు. ఎడమ రెక్క తెరుచుకుంది. కుడిది గడియ పెట్టినట్టు ఉండిపోయింది. ఆవిడ కాసేపు ఆలోచించి అంది, "మీరు గుడికి వెళ్తారు కదా. తీర్థం తీసుకునేది ఎలా పట్టుకుంటారు చెయ్యి? అది చెయ్యండి నాకు."

జితేందర్ గిరిజ వైపు చూశాడు. చెయ్యి ముందుకి పెట్టాడు. అరచెయ్యి పక్కకే చూస్తోంది. డాక్టరు తన వేలితో మెల్లగా తిప్పబోయింది. తిరగలేదు. జితేందర్ నుదుటి మీద చెమట పట్టింది.

మన వాళ్ళు ఎవరు వచ్చినా తీర్థం పట్టమనే అడుగుతానని చెప్పిందావిడ. చిన్నప్పుడు ఆదివారం ఆదివారం అమ్మ గుడికి ఈడ్చుకెళ్ళేదట. అరచెయ్యి సరిగ్గా గుంట చేయకపోతే మోచేతి మీద ఒకటి పడేదట. నవ్వుతూనే చెప్పింది గానీ ఆమె కళ్ళు భుజాన్ని వదల్లేదు. ఈసారి ముందు నుంచి కాకుండా చంక కింద నుంచి ఎక్స్‌రే తియ్యాలంది.

తీశారు. తెర మీద బొమ్మ చూపించింది. భుజం ఎముక తలకాయ ఉండాల్సిన గూట్లో లేదు. గూడు వెనకాల, అంచుకి ఒరుసుకుని కూర్చుంది. నెలకి పైగా ఒరుసుకుని ఆ గుండ్రటి తలకాయకి ఒక లోతైన గాడి పడింది. ఆ గాడిలోకి గూడు అంచు దిగి ఇరుక్కుపోయింది. అందుకే చెయ్యి తిరగడం లేదు. ముందు నుంచి తీసిన ఫోటోలో ఒకదాని వెనక ఒకటి ఉండటం వల్ల అంతా సరిగ్గానే కనపడుతుందని, ఇది చూడనివాళ్ళు చాలామంది ఉంటారని చెప్పింది. వెంటనే వచ్చి ఉంటే మత్తిచ్చి గూట్లోకి లాగేసేవాళ్ళు. ఇప్పుడు కోసి చెయ్యాల్సిందే. చేసినా పాత చెయ్యి పూర్తిగా రాకపోవచ్చు.

గిరిజ అడగాలా వద్దా అని తటపటాయించి అడిగింది. "నేను రోజూ నూనె పెట్టి ఒత్తానండీ. వెనకవైపు గట్టిగా ఉందని అక్కడే ఒత్తా. దానివల్ల..."

"నూనె వల్ల ఏం అవ్వలేదు. అది మీరు ఆలోచించద్దు."

డాక్టరు వెంటనే చెప్పింది. అంత వెంటనే చెప్పడం వల్లే గిరిజకి నమ్మబుద్ధి కాలేదు. దిండులో దాచుకున్న ఆయన మొహం కళ్ళ ముందు నిలిచింది.

డాక్టరు బల్ల దగ్గర కూర్చుంది. ఎలా పడ్డారో మళ్ళీ చెప్పమంది. బావమరిది వెనక నుంచి తోసిండు, ముందలికి పడ్డ అని చెప్పాడు జితేందర్. ఆవిడ రాసుకోలేదు.

"స్కీయింగ్‌లో పడితే భుజం ముందుకి వస్తుంది. చాలామందికి అంతే. వెనక్కి వెళ్ళడం తక్కువ. వెనక్కి వెళ్తే నేను ఒక క్వశ్చన్ అడగాలి, అందరికీ అడుగుతాను, ఫీల్ అవ్వద్దు. మీకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిందా?"

"నో" అన్నాడు జితేందర్. డాక్టరు మాట పూర్తయ్యీ కాకముందే.

ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పింది డాక్టరు. ఫిట్స్ వచ్చినప్పుడు ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. ఆ బిగువుకి భుజాన్ని లోపలికి తిప్పే కండలు బయటికి తిప్పేవాటిని గెలిచి ఎముకని వెనక్కి నెట్టేస్తాయి. మనిషి కింద పడకముందే భుజం జారిపోతుంది. చూసినవాళ్ళు మాత్రం పడటం వల్ల జారిందనుకుంటారు. ముందుకి చేతులు చాపి పడ్డా వెనక్కి జారవచ్చు, అది లేకపోలేదు. కానీ ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేముందు తనకి నిజం తెలియాలి.

"ఎప్పుడూ రాలే" అన్నాడు జితేందర్ మళ్ళీ.

ఆవిడ గిరిజ వైపు తిరిగి, మీరు చూశారా అని అడిగింది.

"లేదండీ. నేను కింద ఉన్నా."

అది నిజమే. కానీ ఆ నిజం చెప్తున్నప్పుడు భర్త తన వైపు చూసిన చూపు గిరిజకి తగిలింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అలా చూడలేదు. తప్పిపోయిన మనిషి దారి అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. డాక్టరు ఇద్దర్నీ ఒకసారి చూసి, ఇంకో స్కాన్ ఏర్పాటు చేసి వస్తానని బయటికి వెళ్ళింది. తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది.

గది చిన్నది. గోడకి భుజం బొమ్మ వేలాడుతోంది, కండలు ఎర్రగా, నరాలు పసుపుపచ్చగా. కిటికీ బయట సన్నటి వాన. గిరిజ లేచి ఆయన చొక్కా అందుకుంది. కుడిచెయ్యి ముందు తొడిగి, తర్వాత ఎడమది తొడిగింది. ఈ నెలలో అలవాటైన పద్ధతి. కింది గుండీ నుంచి పెట్టడం మొదలుపెట్టింది.

ఆ రోజు కొండ కింద బండిలో పడుకున్న జితేందర్ కళ్ళు తెరిచి అవనిని చూశాడు. ఎవరి పిల్ల అని అడిగాడు. చలికి మతి తప్పిందని ఎర్రకోటువాళ్ళు అన్నారు. ఇంటికొచ్చాక దాన్ని తలుచుకుని అందరూ నవ్వారు కూడా. అవని ఒక్కతే నవ్వలేదు.

"నాలిక ఎందుకు తెగింది మీకు ఆ రోజు?" అంది గిరిజ గుండీ పెడుతూ.

"పడ్డప్పుడు పండ్ల నడుమ పడ్డది."

"పక్కన తెగింది. మూడు పూటలు మజ్జిగన్నం పెట్టా. ఉప్పు తగిలినా ఓర్చుకోలేకపోయారు."

ఆమె ఇంకో గుండీ పెట్టింది.

"ప్యాంటు తడిసింది మంచుకి కాదు. నేనే ఉతికా. వాసన నాకు తెలుసు. భయానికి అయిందనుకున్నా. మగమనిషి సిగ్గుపడతాడని ఎవరితోనూ అనలా, మీతో కూడా అనలా."

చివరి గుండీ మిగిలింది. దాన్ని వేళ్ళతో పట్టుకుని అక్కడే ఆగింది. జితేందర్ గడ్డం ఆమె చేతికి తగిలేంత దగ్గర్లో ఉంది.

"చిన్నప్పుడు వచ్చేటియి" అన్నాడు.

ఆమె గుండీ వదిలేసి కుర్చీలో కూర్చుంది.

తర్వాత ఆయన అంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బళ్ళో ప్రార్థనకి నిలబడ్డప్పుడు మొదటిసారి వచ్చిందట. పిల్లలు చుట్టూ మూగి చేతిలో తాళాలగుత్తి పెట్టారట. తర్వాత కొన్నాళ్ళు ఎవరూ పక్కన కూర్చోలేదట. వరంగల్‌లో పెద్ద డాక్టరు మాత్రలు రాశాడు. వేసుకుంటే రావు. పదో తరగతి దాటాక ఒక్కసారి కూడా రాలేదు. పెళ్ళి కుదిరేటప్పుడు చెబుదామా అని తల్లిని అడిగాడు. పోయిన జబ్బు సంగతి ఎందుకు తియ్యాలె అని ఆమె అంది. చెప్తే ఏ పిల్లనీ ఇయ్యరని కూడా అంది. ఆ రెండో మాటే తనకి గట్టిగా పట్టుకుందన్నాడు.

"మాత్రలు వేసుకుంటే రావన్నారుగా. ఏ మాత్రలు? మీరు వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదే."

"చూసినవ్. రోజూ చూసినవ్. రాత్రి తిన్నంక వేసుకునేటియి."

అవి గ్యాస్ మాత్రలు. పెళ్ళయిన నాటి నుంచీ గ్యాస్ మాత్రలే. అత్తగారు హనుమకొండలో కొని, అట్టల్లోంచి తీసి డబ్బాల్లో పోసి, ఎవరు అమెరికా వస్తుంటే వాళ్ళతో పంపేది. మా వానికి కడుపుల మంట, అక్కడి మందులు పడవు అని చెప్పేది. ఇక్కడి డాక్టరుకి చూపిస్తే అన్నీ ఫోన్‌లో ఆస్పత్రి యాప్‌లోకి వచ్చేస్తాయి, గిరిజ చూస్తుంది. అందుకని ఎప్పుడూ చూపించుకోలేదు.

"మరి వేసుకుంటుంటే ఎట్లా వచ్చింది? మానేశారా?"

"మానలే" అన్నాడు. నేల చూస్తూ, "అయిపొయినయి" అన్నాడు.

అది వినగానే గిరిజకి హైదరాబాద్ విమానాశ్రయం కనపడింది.

శీతాకాలం సెలవులకి వెళ్ళి వచ్చేటప్పటి సంగతి. కౌంటర్ దగ్గర పెట్టె బరువు ఎక్కువైంది. అందరి పెట్టెలూ ఎక్కువే అవుతాయి. అందరిలాగే గిరిజ కూడా పక్కన నేల మీద చతికిలబడి పెట్టె తెరిచింది. అప్పడాల కట్ట తీసింది, ఒక చీర తీసింది. ఇంకా ఎక్కువే చూపించింది. అత్తగారు కాగితంలో చుట్టి ఇచ్చిన డబ్బాలు బరువుగా చేతికి తగిలాయి. అవి తీసి సాగనంపడానికి వచ్చిన చుట్టాలబ్బాయి చేతిలో పెట్టింది. గ్యాస్ మాత్రలకేం, అమెరికాలో కుప్పలు పోసి అమ్ముతారంది. అల్లప్పచ్చడి జాడీ మాత్రం తియ్యలేదు. ఆయనకి ఇష్టమని. జితేందర్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్కసారి, ఉండనీ అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఆయన మళ్ళీ అనలేదు. పెట్టె బెల్టు మీద లోపలికి వెళ్ళిపోయింది.

గదిలో దీపం కాంతి చాలా తెల్లగా ఉంది. గిరిజ తన చేతులు చూసుకుంది. డబ్బాలు తీసినవీ ఈ చేతులే, గట్టిగా ఉన్న చోట ఒత్తినవీ ఈ చేతులే.

"గట్టిగా ఒక్క మాట అనలేకపోయారా అక్కడ?"

"ఎట్ల అంట? ఇన్నేండ్లు గ్యాస్ మాత్ర అని చెప్పినోణ్ణి. గ్యాస్ మాత్ర కోసం విమానం కాడ కొట్లాడితే నీకు అనుమానం రాదా?" ఇంట్లో ఉన్నవి సగం సగం చేసుకుని వేసుకున్నానన్నాడు. తల్లికి చెప్తే కొరియర్‌లో పంపుతానంది. పంపితే నువ్వు విప్పుతవని వద్దన్న అన్నాడు. ఇండియా నుంచి ఎవరైనా వచ్చేదాకా లాగుదామనుకున్నాడు. వచ్చే మనిషి ప్రయాణం వాయిదా పడింది.

ఆమెకి కోపం రావాలి. వచ్చింది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక లోపలే తిరిగింది.

"ఈ నెలంతా పిల్లని కారులో బడికి తీసుకెళ్ళారు. పొద్దున వంతెన మీద నన్ను తీసుకొచ్చారు. కింద అంత నీళ్ళు. ఒంటిచెయ్యి. సగం మాత్ర."

"ఇప్పుడు అది కూడ లేదు" అన్నాడు జితేందర్. తప్పించుకోవడానికి ఇక ఏమీ మిగుల్చుకోనట్టు అన్నాడు.

"చెప్తే ఏమైపోతుంది? లైసెన్స్ పోతుందనా?"

"లైసెన్స్ పోతది. ఆఫీస్‌ల తెలుస్తది. వీసాకి ఏమన్న అయితదేమో అని భయమైంది." అన్నీ చెప్పి ఆగాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. "అవి గాదు గిరిజా. బళ్ళె నా పక్కన ఎవ్వరు కూసోకపోయేటోళ్ళు. తెలిసినంక నువ్వు నన్ను అట్ల చూస్తవనే."

"ఇప్పుడు చూస్తున్నాగా" అంది గిరిజ.

ఆయన తల ఎత్తాడు. ఆమె చూస్తూనే ఉంది. కుర్చీ జరుపుకోలేదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారితే తుడుచుకోవడానికి కుడిచెయ్యి లేవబోయి ఆగిపోయింది. అలవాటున అదే లేచింది. గిరిజ తన చున్నీ అంచుతో తుడిచింది. తుడుస్తూనే అడిగింది.

"మరి చైతూ తోశాడా?"

జితేందర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నేను అడుగుతున్నా. నా తమ్ముడు మిమ్మల్ని తోశాడా?"

"నాకు గుర్తు లేదు. స్కీల మీద నిలబడి ఊపిరి తీసుకుంటున్న. కండ్ల ముందట వెలుగు అదిరినట్టు అయింది. అంతే. మళ్ళ కండ్లు తెరిచేసరికి ఎర్రకోటోళ్ళు ఉన్నరు."

"గుర్తు లేనివాళ్ళు తోశాడని డాక్టరుకి ఎట్లా చెప్పారు?"

"వాడే అన్నడు గదా తోసిన్నని."

"వాడు అన్నాడు. మీరు కాదనలేదు. నెలకి పైన వాడు మన గుమ్మం ఎక్కలేదు. రేపు వెళ్ళిపోతున్నాడు. ఆ సంగతీ మీకు తెలుసు. రాత్రి నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు, కాదనలేదు."

"అనలే" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

ముట్టుకోలేదక్కా అని తమ్ముడు ఆ రోజు చెప్పినప్పుడు తను ఏమందో గిరిజకి గుర్తొచ్చింది. లాడ్జిలో అందరూ వింటుండగా అంది. చేసిన పని ఒప్పుకునే పెంపకం నీకు ఇవ్వలేదా నేను అంది. వాడు కళ్ళు దించుకున్నాడు. ఆ తర్వాత బావ ఉన్న గదిలోకి వెళ్ళొచ్చి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడంలో ఏదో సరిపోనిది ఉందని ఇప్పుడు అనిపించింది గానీ అది ఏమిటో అందలేదు.

"మీ జబ్బు సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా అమ్మకి" అన్నాడు జితేందర్. అని, గోడ మీద భుజం బొమ్మ వైపు చూశాడు.

తలుపు మీద వేలితో కొట్టి డాక్టరు లోపలికి వచ్చింది. స్కాన్‌కి సమయం దొరికిందని చెప్పబోయి ఇద్దరి మొహాలూ చూసి ఆగింది. గిరిజ లేచి నిలబడింది.

"డాక్టర్ గారూ, ఈయన మీకో మాట చెప్పాలి."

అని కిటికీ వైపు తిరిగింది. తను చెప్పకూడదనుకుంది. చెప్తే ఇది కూడా తను పెట్టెలోంచి తీసినట్టే అవుతుంది. ఆయన చెప్పడేమో అనుకుంది. తర్వాత జితేందర్ గొంతు ఇంగ్లిష్‌లో మొదలైంది, ఎవరో పరాయి మనిషి కేసు వివరిస్తున్నట్టు, ఆఫీసులో మీటింగ్‌లో మాట్లాడినట్టు. మధ్యలో ఒకచోట ఆ గొంతు విరిగింది. మళ్ళీ అతుక్కుంది. మాత్ర పేరు చెప్పాడు. గిరిజ ఆ పేరు వినడం అదే మొదటిసారి.

డాక్టరు తప్పు పట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని అన్నీ అడిగి రాసుకుంది. నరాల డాక్టరు చూసి, మందు మళ్ళీ మొదలుపెట్టాకే ఆపరేషన్ అంది. అప్పటిదాకా భుజం ఇలాగే ఉండాలి. మందు లేకుండా ఇంకోసారి వస్తే ఆ ఎముక పూర్తిగా పగలవచ్చు. ఆ మాట గిరిజని చూసి కాకుండా ఆయన్నే చూసి చెప్పింది.

"ఇంకొకటి. డ్రైవింగ్ లేదు. కొన్ని నెలలు. ఈరోజు నుంచి, అంటే ఇప్పుడు నుంచి. ఇంటికి ఎవరు డ్రైవ్ చేస్తారు మీకు?"

గిరిజకి లైసెన్స్ ఉంది. ఇంటి చుట్టుపక్కల వీధుల్లో నడుపుతుంది. హైవే ఎక్కాలంటే, వంతెన ఎక్కాలంటే భయం. క్యాబ్ పిలవమంటారా అని అప్పుడే లోపలికి వచ్చిన నర్సు అడిగింది. గిరిజ వద్దంది. ఒక్క నిమిషం అని ఫోను తీసుకుని వరండాలోకి నడిచింది.

వరండా చివర కిటికీ. కింద పార్కింగ్‌లో వాళ్ళ కారు వానలో తడుస్తోంది. తమ్ముడి పేరు వెతుక్కోవాల్సి వచ్చింది. ఒకప్పుడు అన్నిటికన్నా పైన ఉండేది. ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది. తప్పు నాదిరా అనాలి. నువ్వు చెప్పిందే నిజం అనాలి. రేపు వెళ్ళొద్దు అనే హక్కు తనకి లేదు, ఒక్కసారి వచ్చి పో అనాలి. ముందు మమ్మల్ని ఇంటికి చేర్చు అనాలి. ఇన్ని మాటల్లో ఏది ముందో తేల్చుకోకముందే వేలు తగిలింది.

మొదటి రింగుకే ఎత్తాడు. వెనక అట్టపెట్టెలకి టేపు లాగుతున్న చప్పుడు. వాడు అక్కా అని కూడా అనలేదు.

"చైతూ" అంది గిరిజ. కూర్చుకున్నదంతా ఎటో పోయింది. ఏడ్చేసింది.

టేపు చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కడున్నారక్కా? అవని కారులో లేదు కదా?" అన్నాడు చైతన్య. ఆమె నోరు తెరిచేలోపు గొంతు తగ్గించి మళ్ళీ అడిగాడు. "బావకి మళ్ళీ ఫిట్స్ వచ్చాయా?"